రుమేనియా నక్షత్రం వెనక సూది

రుమేనియా అనే దేశం పటంలో ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ దేశపు రాజుగారు తనకు నచ్చిన పెద్దమనుషుల గుండెల మీద పెట్టిన వెండి నక్షత్రానికి వెనక సూది ఎంత పొడవుంటుందో మాత్రం నా మధ్యవేలు చాపి చూపించగలను. ఆ సూదిని పిడికిట్లో బిగించి పట్టుకుని, పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేట దాకా ఆటోలో వచ్చిన మనిషిని నేను. చదివింది నాలుగో తరగతి. పని చేసింది వెండి కొట్లో, మెరుగు పని.

ఇప్పుడు నగల షాపుల్లో చేరిన ఆడపిల్లలు మా వీధిలోనే ముగ్గురు నలుగురున్నారు. వాళ్ళు అప్పుడప్పుడూ నా దగ్గర కూర్చుని, "పిన్నిగారూ, ఇప్పుడంటే హాల్‌మార్క్ ఉంది, కంప్యూటర్ ఉంది. మీ రోజుల్లో ఏ వస్తువు ఎవరిదో ఎట్టా తెలిసేదండీ?" అని అడుగుతుంటారు. తెలిసేది కాదమ్మా. తెలియక ఒక పూటంతా ఎట్లా వణికామో, అదే మీకు చెబుతాను.

మా కొట్టు బజార్లో సందు మొగదల ఉండేది. ముందు గదిలో గల్లా దగ్గర షావుకారు గారు. వెనక గదిలో కుంపటి ముందు ఆచారి గారు. రెండు గదుల నడుమ వసారాలో, నీళ్ళ తొట్టి పక్కన నేను. పట్టీలు, కుంకుమ భరిణెలు, దీపపు కుందులు, ఏవి వచ్చినా కుంకుడు రసంలో నానేసి, చింతపండు పట్టించి, బ్రష్షుతో తోమి ఇవ్వడం నా పని. ఆచారి గారికి అప్పటికే అరవై దాటాయి. మాట తక్కువ మనిషి. ఎవరైనా వస్తువు తెస్తే ఊరు అడిగేవారే కానీ పేరు అడిగేవారు కాదు. 'ముక్త్యాల గొలుసు', 'పరిటాల పట్టీలు' అని వస్తువుని ఊరితోనే గుర్తు పెట్టుకునేవారు. చీటీ రాసివ్వడం మా కొట్లో లేదు. ఇచ్చినవాళ్ళ ముఖం ఆయనకు గుర్తుండేది, ఆయన ముఖం వాళ్ళకు గుర్తుండేది. అన్నేళ్ళలో ఒక్క వస్తువు మారింది లేదు.

తొంభైల చివరి మాట ఇది. శ్రావణ మాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం వెండి కొట్లో ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక ఉండదు. ఆ హడావుడిలో చెవిటికల్లు నుంచి ఒకావిడ వచ్చింది. సంచిలోంచి తువ్వాలు చుట్ట తీసి విప్పింది. లోపల వెండి నక్షత్రం. అరచేయంత ఉంది. ఎనిమిది కొసలు. ఒక్కో కొస మీదా రవ్వలు చెక్కినట్టు గీతలు. నడుమ ముదురెరుపు రంగు పోసిన శిలువ లాంటిది, దాని మధ్యలో చిన్న కిరీటం. వెనక నిలువునా లావుపాటి సూది, చొక్కాకి గుచ్చుకోవడానికి.

"మా ఆయన ఓడలో పని చేస్తారండి" అంది ఆవిడ. "ఏదో దేశం రేవులో రోడ్డు పక్కన దుప్పటి పరిచి అమ్ముతుంటే కొన్నారంట. అక్కడ రాజులు ఎప్పుడో పోయారంట, ఇట్టాంటివన్నీ బజార్న పడ్డాయంట. ఈ సూది తీసేసి పైన కొంకి పెట్టండి. అమ్మవారి కలశం వెనక కట్టుకుంటా, చక్రంలాగా ఉంటది."

"సూది ఉంటే ఏమమ్మా?" అన్నారు ఆచారి గారు.

"అమ్మవారి చీరకి గుచ్చుకోదూ? పట్టు చీరండీ!"

శుక్రవారం లోపల వస్తానని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. ఆచారి గారు 'చెవిటికల్లు నక్షత్రం' అని తనలో అనుకుని పని మొదలుపెట్టారు. ఆ ఎర్ర రంగు గాజు లాంటిది, మంట తగిలితే పగులుతుంది. ఆయన ఏం చేశారంటే, పెద్ద బంగాళాదుంప కోసి నక్షత్రాన్ని సగం పైగా దాంట్లో దిగగుచ్చారు. మీద తడిగుడ్డ చుట్టి, పై కొస ఒక్కటీ బయట ఉంచి, ఊదుగొట్టంతో మంట పట్టించి కొంకి అతికారు. రంగు మీద వెంట్రుకంత పగులు కూడా రాలేదు. అంతకు ముందే సూదిని మొదట్లో కత్తిరించారు. అది టింగుమని ఎగిరి ఎక్కడో పడింది. మామూలుగా అయితే కత్తిరించిన ముక్క ఎంత చిన్నదైనా కాగితంలో చుట్టి వస్తువుతో పాటే ఇచ్చేస్తారు. ఆ రోజు పని తోసుకొస్తోంది. "తరవాత వెతుకుదాంలే" అన్నారు. తరవాత నేను నక్షత్రాన్ని తోమాను. ఎన్నాళ్ళ నలుపో, నాలుగు నీళ్ళకు కానీ వదల్లేదు. వదిలాక మాత్రం కొత్త పళ్ళెంలా మెరిసింది. చూసుకుని మురిసిపోయాను కూడా.

కంసాలి కొట్లో ఊడ్చిన దుమ్ము పారెయ్యరు. ఏడాదంతా గోనెసంచుల్లో పోస్తారు. రజను, ఆకురాయి పొడి, చిన్న చిన్న తునకలు అన్నీ ఆ దుమ్ములోనే ఉంటాయి. ఆ మట్టిని కొనుక్కుని, కడిగి, అందులో వెండి బంగారాలు ఏరుకుని బతికేవాళ్ళున్నారు. మాకు పెనుగంచిప్రోలు నుంచి వచ్చేవాళ్ళు. వ్రతానికి ముందు కొట్టు కడిగించి మట్టి ఇచ్చేయడం షావుకారు గారి ఆనవాయితీ. బుధవారం పొద్దున్నే నేను మూలమూలలా ఊడ్చి సంచులు కట్టిచ్చాను, వాళ్ళు ఆటోలో వేసుకుని వెళ్ళారు.

ఆ తరవాతే, ఎండ నెత్తి మీదికి వస్తుండగా, ఒక పోలీసాయన సైకిల్ మీద వెండి కొట్లన్నింటికీ ఒక జిరాక్సు కాగితం పంచుతూ వచ్చాడు. నందిగామలో రిటైరైన ఒక లెక్చరర్ గారింట్లో దొంగతనం జరిగిందట. ఆయన పాత విదేశీ పతకాలు సేకరిస్తారట. కాగితం మీద పోయినవాటిల్లో ఒకదాని ఫొటో. షావుకారు గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. ఎనిమిది కొసల నక్షత్రం, నడుమ కిరీటం. ఆయన మాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. చెప్పులేసుకుని ఎదురుగా ఎస్టీడీ బూతులోకి వెళ్ళారు. తిరిగొచ్చాక వెనక గదిలోకి వచ్చి నిలబడ్డారు.

"ఆచారీ, ఆ నక్షత్రం ఎవరిచ్చారు?"

"చెవిటికల్లు ఆవిడండి."

"పేరు?"

ఆచారి గారు ఊదుగొట్టం నోటి దగ్గర పెట్టుకున్నారు.

"నందిగామ స్టేషన్‌కి ఫోన్ చేసా" అన్నారు షావుకారు గారు. "వస్తున్నారు."

ఊదుగొట్టం కింద పెట్టి ఆచారి గారు తలెత్తారు. "ఒక్కమాట నన్నడిగితే పోయేది కదండీ."

"అడిగితే ఏం చెప్పేవాడివి? పేరు తెలీదు, ఇంటి గుర్తు తెలీదు. రేపు దొంగసొత్తు నా కొట్లో దొరికితే కూర్చోబెట్టి అడిగేది నన్ను కదయ్యా! మా నాన్న నాటి నుంచీ ఉన్న కొట్టు."

"నేనూ మీ నాన్నగారి నాటి నుంచీ ఉన్నవాణ్ణేనండి" అన్నారు ఆచారి గారు. అంతే, మళ్ళీ పనిలో పడ్డారు. కానీ చేతిలో ఉన్న పట్టీని తిప్పుతున్నారే కానీ అతుకు పెట్టడం లేదు. కంసాలికి చెయ్యి తడబడిందంటే ఇంక చెప్పేదేముంది? బజార్లో ఒక్కసారి 'దొంగసొత్తు పట్టాడు' అన్న మాట పుట్టిందంటే, ఆ తరవాత మళ్ళీ ఎవరూ తమ తాళిబొట్టు తెచ్చి ఆ చేతుల్లో పెట్టరు.

హెడ్ కానిస్టేబులు, లెక్చరర్ గారు కలిసే వచ్చారు. హెడ్డుగారు మంచివాడే, కేక వెయ్యలేదు. లెక్చరర్ గారు సన్నటి మనిషి, చేతిసంచీలో భూతద్దం తెచ్చుకున్నారు. నక్షత్రాన్ని చేతిలోకి తీసుకోగానే ఆయన ముఖం విప్పారింది, వెంటనే ముడుచుకుంది.

"దీన్ని తోమారా?"

"తోమానండి" అన్నాను.

"ఎందుకు తోమారమ్మా?"

"తోమకపోతే ఎట్టాగండీ? అమ్మవారికి పెట్టేది."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. ఆ నలుపు వయసుకి గుర్తట. సేకరించేవాళ్ళు దాన్ని ప్రాణంలా చూసుకుంటారట. నాకేం తెలుసు? మా కొట్లో నలుపంటే మురికే.

"నాదానిలాగే ఉంది" అన్నారాయన. "కానీ ముఖం చూసి చెప్పకూడదు. ఇది రుమేనియా కిరీటం పేరు మీద ఇచ్చిన బిరుదు. ఇట్లాంటివి ఒక్కచోట చెయ్యలేదు. బుకారెస్ట్ అని వాళ్ళ రాజధాని, అక్కడి కంసాలులు కొన్ని చేశారు. వియన్నా, బెర్లిన్, పారిస్ ఊళ్ళల్లో కొన్ని చేశారు. నమూనా ఒకటే, చేసిన చేతులు వేరు. ఎవరు చేశారన్నది వెనక ముద్ర చూస్తేనే తెలిసేది. నాది బుకారెస్ట్‌లో చేసింది. సూది మొదట్లో చిన్న పలక లాంటి గడిలో రెండక్షరాలుంటాయి." నక్షత్రాన్ని తిరగేశారు. "సూది ఏదీ?"

నేనే చెప్పాల్సి వచ్చింది. "పొద్దున మట్టిలో వెళ్ళిపోయి ఉంటదండి."

హెడ్డుగారు ఆచారి గారి వంక చూశారు. "చూడండి పెద్దాయనా. ఇచ్చిన మనిషి పేరు తెలీదంటారు. గుర్తు ఉన్న ముక్కే కత్తిరించారు. అది ఊడ్చి పంపేశారు. నా స్థానంలో మీరుంటే ఏమనుకుంటారు?"

"అదే అనుకుంటానండి" అన్నారు ఆచారి గారు.

"సూది దొరక్కపోతే?" అని షావుకారు గారు లెక్చరర్ గారిని అడిగారు.

"నాదేననీ అనలేను, కాదనీ అనలేను."

"అట్టయితే ఆచారి గారు జీపెక్కి నందిగామ వచ్చి ఎస్సైగారికి చెప్పుకోవాలి" అన్నారు హెడ్డుగారు. "దొరికి, అది మాస్టారిదే అయితే మాత్రం, కేసే."

మట్టి కడిగేవాళ్ళ ఇల్లు తెలిసింది నాకే. వెళ్తానన్నాను. "ఈవిడ ఏదో ఒక సూది తెస్తే?" అని హెడ్డుగారికి అనుమానం. లెక్చరర్ గారు నక్షత్రం వెనక మిగిలిన మొదలు చూపించారు. కోసిన చోట రెండూ ఆనించి చూస్తే అతుకుతుందో లేదో తెలిసిపోతుందన్నారు. నేను గడప దిగుతుంటే ఆచారి గారు వెనకనుంచి అన్నారు. "అమ్మాయ్, దొరికితే ఉన్నదున్నట్టు తీసుకురా."

షేర్ ఆటోవాడు నిండితే కానీ కదలనన్నాడు. మిగిలిన సీట్లకి కూడా నేనే ఇస్తానంటే కదిలాడు. దారి పొడుగునా పత్తి చేలల్లో కలుపు తీసేవాళ్ళు ఒంగుని ఉన్నారు, వాళ్ళకేం దిగుల్లేదు కదా అనిపించింది. నాకు ఒకటే ఆలోచన. వాళ్ళు కడగడం మొదలెట్టేశారేమో, లావు తునకలు ముందే ఏరి మూసలో వేసి కరిగించేశారేమో.

మున్నేరు ఆ వారం నిండుగా, ఎర్రగా పారుతోంది. ఏట్లో దిగే వీల్లేక ఒడ్డున గుంట తవ్వి, నీళ్ళు పోసుకుని కడుగుతున్నారు. ఆ ఇంటి పెద్దావిడ చేటంత చెక్కపళ్ళెం తిప్పుతోంది. నన్ను చూసి నవ్వింది.

"ఏంది వొదినా, మట్టిలో మొగుణ్ణి పారేసుకున్నావా ఏంది, అట్టా ఉరుక్కుంటా వస్తున్నావ్?"

నాకు నవ్వు రాలేదు. చెప్పాను. చెప్పగానే ఆవిడ కూడా పళ్ళెం పక్కన పెట్టేసింది. మా సంచుల్లో ఒకటి అప్పటికే కడగడం అయిపోయింది. ఏరిన తునకలు ఒక మూకుట్లో ఉన్నాయి, సాయంత్రం కరిగిద్దామని. ఇద్దరం ఆ మూకుడు నేల మీద బోర్లించి ఒక్కొక్కటీ తిప్పి చూశాం. గొలుసు కొక్కేలు, మువ్వ పెంకులు, తీగ ముక్కలు. సూది లేదు. రెండో సంచి విప్పి తడి మట్టిని వేళ్ళతో పిసుకుతూ పోయాం. నా గోరు కింద చురుక్కుమంది. లాగితే, అదే. ఒక చివర వాడి, ఒక చివర ఆచారి గారి కత్తెర కోసిన గాటు.

నీళ్ళలో కడిగి ఎండకు పెట్టి చూశాను. మొదట్లో ఏదో ఉంది. ఆవగింజంత. ఒకటి కాదు, పక్కపక్కనే రెండు. రెండు! లెక్చరర్ గారు రెండక్షరాలనే కదా అన్నారు. అవి అక్షరాలో, మరకలో, గాట్లో నా కంటికి ఆనలేదు. ఆనినా నాకు ఇంగ్లీషు రాదు.

పెద్దావిడ నా ముఖం చూసింది. గొంతు తగ్గించి అంది, "వొదినా, నా మాటిను. సూది దొరకలేదంటే ఏమవుద్ది? నాలుగు మాటలడిగి పంపిస్తారు. ఇది పట్టుకుపోయి, అది ఆయనదే అయిందనుకో. ఆ ముసలాయన్ని నీ చేతుల్తో నువ్వే అప్పజెప్పినట్టు కాదూ? ఏట్లో వేసెయ్. మున్నేరు కంటే గుట్టు దాచేవాళ్ళెవరున్నారు?"

నిజం చెబుతున్నాను, నేను నీళ్ళ వైపు నడిచాను. చెయ్యి కూడా ఎత్తాను. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ కనపడలేదు నాకు. ఇచ్చిన మనిషి అబద్ధం చెప్పి ఉండొచ్చు, ఓడ లేదు, మొగుడు లేడు, నందిగామలో ఎత్తుకొచ్చిందే అయ్యుండొచ్చు. ఆచారి గారికి అదేం తెలుసు? తెలియనివాడికి శిక్ష ఎందుకు పడాలి? కానీ ఆయన 'ఉన్నదున్నట్టు' అన్నారు. ఆ మాట అన్న మనిషికి వెళ్ళి 'దొరకలేదండీ' అని చెప్పే ముఖం నాకు లేదు. ధైర్యమని అనుకోకండమ్మా. ఆయన ముందు అబద్ధమాడటానికి నాకు భయం, అంతే. పిడికిలి బిగించి ఆటో ఎక్కాను. వచ్చినంతసేపూ అది అరచేతిలో గుచ్చుకుంటూనే ఉంది. నేను తీసుకెళుతున్నది విడుదలో, బేడీలో నాకే తెలియదు.

కొట్లో అందరూ నేను వదిలి వెళ్ళినట్టే కూర్చుని ఉన్నారు. సూదిని లెక్చరర్ గారి చేతిలో పెట్టాను. ముందు నక్షత్రం వెనక మొదలుకి ఆనించారు. గాటుకి గాటు అతికింది. తరవాత వెలుగు కోసం గడపలోకి వెళ్ళి, భూతద్దం పెట్టి చూశారు. అద్దం తుడుచుకుని మళ్ళీ చూశారు. నాకు అప్పుడు తట్టింది ఒక సంగతి. అందులో ఏముందో చదవగలిగింది ఆయన ఒక్కరే. తన నక్షత్రం పోయి, అచ్చం అట్లాంటిదే చేతిలో ఉన్న మనిషి. 'నాదే' అంటే కాదనేవాళ్ళు మా జగ్గయ్యపేటలోనే లేరు.

"అడవిపంది" అన్నారాయన.

హెడ్డుగారు ఉలిక్కిపడ్డారు. "ఎవర్నండీ మాస్టారూ?"

"ఎవర్నీ కాదు. ముద్ర. అడవిపంది తల. పారిస్‌లో వెండికి పరీక్ష చేసి వేసే గుర్తు. పక్కన పతంగి ఆకారంలో ఉన్నది చేసినవాడి ముద్ర." సూదిని కాగితం మీద పెట్టారు. చాలాసేపు దాని వంకే చూశారు. "ఇది ఫ్రాన్సులో చేసింది. నాది కాదు."

నా వైపు తిరిగి భూతద్దం ఇచ్చారు. చూశాను. మా అమ్మగారి ఊళ్ళో వేరుశనగ చేల మీద పడేదే, ముట్టె, కోర, నిక్కబొడుచుకున్న చెవి. ఆవగింజలో పట్టించారు. ఎవరో ఏ దేశంలోనో కుంపటి ముందు కూర్చుని గుద్దిన ముద్ర. భూతద్దం ఆయనకిచ్చేసి గడప మీదే కూర్చున్నాను.

లెక్చరర్ గారు మంచినీళ్ళు అడిగి తాగారు. ఆయన నక్షత్రం ఇంకా ఎక్కడో దొంగ చేతిలోనే ఉంది. పాపం ఆ సంగతి మాకెవ్వరికీ ఆ క్షణాన గుర్తులేదు. ఆచారి గారికి నమస్కారం పెట్టి, "రంగు పగలకుండా ఎట్లా అతికారండీ?" అని అడిగారు. బంగాళాదుంప సంగతి విని మొదటిసారి నవ్వారు. హెడ్డుగారు, "ఆ చెవిటికల్లు ఆవిడ వస్తే పేరు రాయించి పెట్టండి" అని చెప్పి బయల్దేరారు. షావుకారు గారు టీ తెప్పించారు. ఆచారి గారు గ్లాసు తీసుకుని పక్కన పెట్టుకున్నారు, తాగలేదు. ఆ తరవాత కూడా వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి కలిసే పని చేశారు. పని మాటలు తప్ప వేరే మాట్లాడుకోగా నేను వినలేదు.

మర్నాడు గురువారం చెవిటికల్లు ఆవిడ రానే వచ్చింది. ఎండలో బస్సు దిగి వచ్చిందేమో చెమటలు కారుతున్నాయి. నక్షత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "బాగుందండీ. ఆ సూది ముక్క ఏదీ? అదీ వెండేగా?" అని గట్టిగా అడిగింది.

ఆచారి గారు కాగితంలో చుట్టి పెట్టిన సూదిని ఇచ్చారు. "ఇది జాగ్రత్తమ్మా. నీ నక్షత్రం ఏ ఊళ్ళో పుట్టిందో చెప్పేది ఇదొక్కటే."

"ఏ ఊళ్ళో పుడితే ఏంటండీ, అమ్మవారి దగ్గరికి వచ్చింది కదా" అని సంచిలో వేసుకుంది. పేరు, మొగుడి పేరు, ఓడ పేరు అన్నీ షావుకారు గారు అడిగితే గడగడా చెప్పింది. జరిగినదేదీ ఆమెకు మేం చెప్పలేదు. పండగ పూట ఎందుకని.

ఆ సాయంత్రం కుంపటి సర్దుతుంటే నేనుండబట్టలేక అన్నాను. "ఆచారి గారూ, నిన్న ఏటి ఒడ్డున ఆ సూది నీళ్ళలో వేసేద్దామనుకున్నానండి. చెయ్యి కూడా ఎత్తా."

ఆయన బొగ్గులు ఒక్కొక్కటే విడదీస్తున్నారు. తల ఎత్తలేదు.

"చెవిటికల్లు ఆవిడ ముఖం చూసే వస్తువు పట్టా. అబద్ధమాడే ముఖం కాదని నాకు తెలుసు" అన్నారు. "అయినా నువ్వు ఆటో ఎక్కిన దగ్గర్నించీ, తిరిగొచ్చిందాకా, నేను దేవుణ్ణి ఒక్కటే అడిగా అమ్మాయ్. ఆ సూది నీకు దొరక్కూడదని."